సిరా పాకిన డైరీ కాగితాలకు ఒక దారి

విజయనగరంలో మీ బడి నాటకానికి 1890ల నాటి డైరీ కావాలని, టీలో ముంచిన కాగితాలు ముడతలు పడి సిరా పాకిపోయిందని రాశారు. ముందు రాసి తర్వాత ముంచడమే ఇబ్బంది. ఫౌంటెన్ పెన్ సిరా చాలావరకు నీళ్లలో కరుగుతుంది. రంగు వేసి, పూర్తిగా ఆరాకే రాయండి.

గ్లాసు నీళ్లలో రెండు చెంచాల టీపొడి బాగా మరిగించి, వడగట్టి చల్లార్చండి. పాలు, పంచదార వద్దు, చీమలు పడతాయి. ముంచకుండా దూదితో రెండు వైపులా పలుచగా అద్దండి. కాస్త తడి ఉండగానే రెండు నూలు గుడ్డల మధ్య పెట్టి ఇస్త్రీ చేసి, రాత్రంతా బరువైన పుస్తకాల కింద ఉంచండి.

అసలు అందం అంచుల్లో ఉంది. పాత పుస్తకంలో గాలీ వెలుతురూ తగిలేది అంచులకే, అందుకే అవి ముందు ముదురుతాయి, మధ్య భాగం లేతగా మిగులుతుంది. కాబట్టి అంచులకు ఇంకో రెండు పూతలు వేయండి. కొవ్వొత్తితో కాల్చకండి, అది పాతదిగా కాదు, కాలినట్టే కనిపిస్తుంది. ఆ కాలపు నల్ల సిరాల్లో చాలావాటిలో ఇనుము ఉండేది, ఏళ్లు గడిచేకొద్దీ గోధుమరంగుకు తిరిగేవి. మీరూ గోధుమరంగు సిరాతోనే రాయండి.

కుట్టే ముందు ప్రతి కాగితం ఆరిందో లేదో చూసుకోండి. మన వైపు గాలిలో తేమకు బూజు పట్టేస్తుంది.