కెమెరాలు పెంచే ముందు తలుపు చూడండి

ప్రశ్న: మాది 12 ఫ్లాట్ల అపార్ట్‌మెంట్. రాత్రిపూట ఎవరో లోపలికొచ్చి బైకుల సీట్లు కోసేశారు, లిఫ్ట్ బటన్లు పగలగొట్టారు. నాలుగు కెమెరాలున్నా ఒక్క ముఖమూ గుర్తుపట్టేలా లేదు. ఇంకో నాలుగు పెట్టమంటారా?

జవాబు: ఇప్పుడే వద్దు. రాత్రి కిందికి దిగాలంటేనే భయం వేసే పరిస్థితి ఇది, మీ టెన్షన్ అర్థమవుతోంది. కానీ కెమెరా జరిగింది చూపిస్తుంది, వచ్చేవాణ్ని ఆపేది తలుపే. వాళ్లు ఏ దారిన వచ్చారో ముందు రికార్డింగ్‌లో వెతకండి. మెయిన్ డోర్‌ను సగం తెరిచి వదలండి. దానంతటదే పూర్తిగా మూసుకుని లాక్ పడాలి. పడకపోతే డోర్ క్లోజర్ (తలుపును దానంతటదే మూసే పరికరం) స్క్రూ సరిచేయించండి. దాన్నుంచి నూనె కారుతుంటే కొత్తది బిగించాల్సిందే.

కీప్యాడ్ ఉంటే బటన్లు చూడండి. నాలుగు అంకెల కోడ్‌లో ఆ నాలుగు బటన్లే అరిగిపోయి కనిపిస్తే, ప్రయత్నించాల్సిన కోడ్‌లు 24 మాత్రమే! కార్డులు వాడుతుంటే ఖాళీ చేసి వెళ్లినవాళ్ల కార్డులు పనిచేయకుండా రద్దు చేయండి. 125 కిలోహెర్ట్జ్ పాత రకం కార్డులకు నకలు చేయడం చాలా తేలిక. ఎన్‌క్రిప్షన్ (సమాచారాన్ని రహస్య సంకేతాలుగా మార్చే పద్ధతి) ఉన్నవి అడగండి.

ఇక ముఖం ఎందుకు రాలేదంటే, 1080పీ కెమెరా చిత్రంలో అడ్డంగా ఉండేవి 1,920 పిక్సెల్స్, అంటే చిత్రంలోని చిన్న చుక్కలు. తెలియని మనిషిని గుర్తుపట్టాలంటే కెమెరా చూసే వెడల్పులో మీటరుకు 250 పిక్సెల్స్ ఉండాలన్నది సీసీటీవీ రంగంలో వాడే కొలత. అంటే ఆ కెమెరా చూసే వెడల్పు ఏడున్నర మీటర్లు దాటకూడదు. పార్కింగ్ మొత్తాన్నీ ఒకే కెమెరాతో చూస్తే మనుషులు కనిపిస్తారు, ముఖాలు కాదు. పైగా సీలింగ్ మీంచి చూస్తే టోపీయే కనిపిస్తుంది. అందుకే ఉన్నవాటిలో ఒకదాన్ని మెయిన్ డోర్ దగ్గరికి మార్చి, కాస్త కిందికి దించి, లోపలికొచ్చేవాళ్ల ముఖానికి ఎదురుగా పెట్టించండి. అక్కడే మోషన్ సెన్సర్ లైటు కూడా ఉండాలి. చీకట్లో కదిలే మనిషి బొమ్మ అలుక్కుపోతుంది. లెన్స్ ముందు సాలెగూడు ఉంటే రాత్రి కెమెరా వేసే ఇన్‌ఫ్రారెడ్ వెలుతురు దాని మీద పడి చిత్రమంతా తెల్లబారుతుంది. అప్పుడప్పుడూ తుడిపించండి.

రికార్డర్‌ను తాళం వేసిన గదిలో పెట్టి, చిన్న యూపీఎస్ తగిలించండి. కంపెనీ ఇచ్చిన పాస్‌వర్డ్ తప్పక మార్చండి. 2016లో మిరాయ్ అనే మాల్‌వేర్ (హాని చేసే సాఫ్ట్‌వేర్) అలాంటి పాస్‌వర్డ్‌లతోనే ఎన్నో కెమెరాల్లోకి, రికార్డర్లలోకి చొరబడింది.

అన్నీ అయ్యాక, రాత్రి మీలో ఒకరు టోపీ పెట్టుకుని మెయిన్ డోర్‌లోంచి మామూలుగా నడిచి రండి. ఆ రికార్డింగ్‌ను మిమ్మల్ని ఎరగని వ్యక్తికి చూపించి, ఎదురుగా నిలబడితే పోల్చగలరేమో అడగండి. పోల్చలేకపోతే కెమెరాను మళ్లీ సర్దించండి.