బరంపురంలో తిండి: డీఏ మిగిల్చినవాడి సలహా

"అన్నయ్యా, బ్యాంకు ఉద్యోగంలో తణుకు నుంచి ఒడిశాలోని బరంపురం వచ్చి నాలుగు నెలలయింది. ఇంకో మూడేళ్లు ఇక్కడే. వంట రాదు, వచ్చినా గదిలో స్టవ్ పెట్టనివ్వరు. మొన్న పరగడుపున సుగర్ చూపిస్తే 112 వచ్చింది. ఈ ఊళ్లో ఒంటికి పడే తిండి ఎక్కడ దొరుకుతుంది? ఒంటరిగా కూడా ఉంది."

తమ్ముడూ, ముందు ఒక మాట. నువ్వు ఎన్నారైవే. అమెరికా వెళ్లినవాళ్లకే ఆ పేరు చెల్లుతుందనుకోకు. ఇచ్ఛాపురం దాటి పాతిక కిలోమీటర్లు వచ్చావు. బస్సు మీద ఊరి పేరు చదవలేవు. కూరలమ్మి చెప్పిన ధర అర్థంకాక వంద నోటు చేతిలో పెట్టి, ఎంత చిల్లర ఇస్తే అంత జేబులో వేసుకుంటున్నావు. పరదేశానికి ఇంకేం కొమ్ములుంటాయి? నేనూ 1998లో ఇలాగే దిగాను, మందుల కంపెనీ రిప్రజెంటేటివ్‌గా, ఒక తోలు బ్యాగు, రెండు టైలతో. ఇవాళ హిల్‌పట్నాలో సొంత ఇల్లుంది, నా పిల్లలు ఒడియాలో పోట్లాడుకుంటారు. కాబట్టి కాస్త పెద్దరికం చూపిస్తే సర్దుకో.

నీ 112 సంగతి డాక్టరుకి చూపించు. 100 నుంచి 125 వరకు గట్టు మీద నడుస్తున్నట్టు, 126 నుంచి నీళ్లలో పడ్డట్టు. మిగతాది ఆయన చెబుతాడు. నేను చెప్పేది ఆ గట్టు మీదనుంచి జారితే ఎంత ఖర్చవుతుందో, అది.

మా కంపెనీ టూరుకి వెళ్లిన రోజుకి 125 రూపాయల డీఏ, అంటే రోజు బత్తా, ఇచ్చేది. బిల్లులు అడగరు. తినగా మిగిలింది నీదే. నెలలో సగం రోజులు పర్లాకిమిడి, గుణుపూర్, రాయగడ, జయపురం, కోరాపుట్. డాక్టరు పిలిచేదాకా గది బయట బల్ల మీద కూర్చోవడం, కూర్చున్నంతసేపూ టీ, బోండా, గుగ్ని అనే బఠాణీ కూర. బోండా కడుపులో బండలా కూర్చుంటుంది, మధ్యాహ్నం భోజనం డబ్బు మిగిలిపోతుంది. రోజు మొత్తం 30 రూపాయల్లో తేల్చేసి, మిగతాది పోస్టాఫీసులో ఆర్‌డీ కట్టేవాణ్ణి. మా నాన్నకి ఉత్తరం రాసినప్పుడల్లా ఆర్‌డీ ఎంతకి వచ్చిందో రాసేవాణ్ణి, ఏం తింటున్నానో రాసేవాణ్ణి కాదు.

బరంపురంలో ఉన్న రోజుల్లో డీఏ లేదు. ఆ కక్ష అన్‌లిమిటెడ్ మీల్స్ మీద తీర్చుకునేవాణ్ణి. అప్పట్లో ప్లేటు 18 రూపాయలు. ఎంత తింటే అంత గిట్టుబాటు కదా! పప్పుతో ఒక వాయి, సాంబారుతో ఒకటి, రసంతో ఒకటి, పెరుగుతో మళ్లీ. కూర మాత్రం ఒక గరిటే, అడిగినా వెయ్యరు. వాళ్లకి చవగ్గా పడేది అన్నం. నేను వాణ్ణి ముంచుతున్నాననుకుని వాడి అన్నం గంగాళం నా పొట్టలోకి దింపుకున్నాను. పదేళ్లు. నడుము 32 నుంచి 40కి పోయింది. ప్యాంట్లు మళ్లీ కుట్టించుకోవాల్సి వచ్చింది, ఆ ఖర్చు చూసి కూడా బుద్ధి రాలేదు.

2009లో మా కంపెనీయే ఒక ఉచిత సుగర్ పరీక్షా శిబిరం పెట్టింది. సాయంత్రానికి జనం అయిపోయారు, డబ్బా విప్పిన స్ట్రిప్ ఒకటి మిగిలింది. వృథా పోవడమెందుకని నా వేలే పొడుచుకున్నాను. 238. అప్పటికి తొమ్మిదేళ్లుగా ఆ జబ్బు మందే అమ్ముతున్నవాణ్ణి! మొదటి నెల శాంపిళ్లతో గడిపాను, తర్వాత కొనుక్కోవాల్సి వచ్చింది. మాత్రలు, మూడు నెలలకోసారి రక్తపరీక్ష, ఏడాదికోసారి కళ్ల డాక్టరు. బోండాలు తిని కూడబెట్టిన ఆర్‌డీని మూడేళ్లలో ఈ జబ్బు ఊదేసింది.

ఇక తిండి. మనవాళ్లు ఇక్కడికి రాగానే 'ఆంధ్రా మీల్స్' బోర్డు వెతుక్కుంటారు. నీ జాబు చూస్తే నువ్వూ అక్కడే తింటున్నట్టుంది. ఈ గంజాం జిల్లా 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా విడి రాష్ట్రమయ్యేదాకా మద్రాసు ప్రెసిడెన్సీలోదే. అందుకే పొద్దున్న ఏ బండి దగ్గరికెళ్లినా ఇడ్లీ, బరా, ఉప్మా ఉంటాయి. బరా అంటే మన గారెలే. ఇడ్లీ తిను, గారెలు చూసి కదులు. ఇడ్లీతో పోసే గుగ్ని, నూనె తేలనిది దొరికితే మంచిదే. సాంబారు కోసం పట్టుబట్టకు, ఇక్కడి సాంబారు మర్యాదకి చేసేది.

మధ్యాహ్నానికి ఒడియా భోజనం హోటలు పట్టుకో. ఇది తెలుసుకోవడానికి నాకు పదకొండేళ్లు పట్టింది. మొదటిసారి గేట్ బజార్‌లో డాల్మా వడ్డిస్తే, సాంబారులో చింతపండు మర్చిపోయారని వెనక్కి పంపాను. సర్వరు నన్ను చూసిన చూపు ఇప్పటికీ గుర్తే. డాల్మా అంటే కందిపప్పో పెసరపప్పో, అందులోనే పచ్చి అరటికాయ, బొప్పాయి కాయ, గుమ్మడి, వంకాయ, ములక్కాడ వేసి ఉడికించి, పైన ఆవాలు, జీలకర్ర, మెంతులు, సోంపు, నల్లజీలకర్ర పోపు పెట్టి, వేయించిన జీలకర్ర పొడి చల్లుతారు. పప్పూ కూరా ఒకే గిన్నెలో. పెద్ద గిన్నె డాల్మా, చిన్న గిన్నె అన్నం అడుగు. తక్కువ అన్నం అంటే డబ్బు తగ్గించరు, ముందే చెబుతున్నాను. నాకూ మొదట్లో ప్రాణం ఉసూరుమనేది. ఆ తగ్గిన అన్నానికి బదులు ఇంకో కప్పు డాల్మా వేస్తావా అని బేరమాడు, చాలామంది ఒప్పుకుంటారు.

సంతులా అని ఇంకొకటుంది, కూరగాయలు దాదాపు ఉడికించినట్టే, నూనె నామమాత్రం. పేరు తెలియక అడగం, అడగక వాళ్లు వెయ్యరు. సాగ అంటే ఆకుకూర. 'తేలొ కమ్' అంటే నూనె తక్కువ. ఈ నాలుగు మాటలు నోట్లో ఆడితే నీ భోజనం సగం బాగుపడుతుంది. చేపల కూరకి ఆవపెట్టే బెసర కూడా బాగానే ఉంటుంది కానీ దాన్లో ఆవనూనె ఎంత పోశారో ఒక్క చూపు చూసుకో.

ఎండాకాలంలో పఖాళ ఉంటుంది, మన చద్దన్నమే, నీళ్లు పోసి పులియబెట్టింది. మార్చి 20న పఖాళ దివసొ అని పండగలా చేస్తారు. పక్కన సాగ, వడియాలు పెడతారు. చల్లగా, చవగ్గా ఉంటుంది. కానీ అదీ అన్నమే తమ్ముడూ, గిన్నె చూసుకో. రోజు మొత్తానికి ఉప్పు 5 గ్రాములు దాటకూడదంటారు, బరంపురం ఆవకాయ ఒకటి, అప్పడాలు రెండు వేసుకుంటే లెక్క అక్కడే ముగిసిపోతుంది. ఊరికి పేరు తెచ్చినవి అవే, నేనిప్పుడు వాసన చూసి ఊరుకుంటాను.

కోరాపుట్, రాయగడ వైపు డ్యూటీ పడితే మండియా అడుగు. మన రాగులు. 2017లో ప్రభుత్వం చిరుధాన్యాల కార్యక్రమం మొదలుపెట్టాక ఆ జిల్లాల్లో ఆడవాళ్ల సంఘాలు కొన్నిచోట్ల మండియా కేఫులు నడుపుతున్నాయి. అయితే ఇక్కడా నేను బోల్తా పడ్డాను. రాగులు మంచివట కదా అని బెల్లం వేసిన జావ రోజుకి మూడు గ్లాసులు తాగాను, సుగర్ దిగడం మాని ఎక్కింది. మెత్తగా పిండి చేసి పల్చగా కాచిన జావ తొందరగా రక్తంలో కలుస్తుంది. రొట్టె నయం, ముద్ద నయం. జావే కావాలంటే మజ్జిగ, ఉప్పు వేయించుకుని ఒక గ్లాసుతో ఆపు.

హోటలు ఎలా ఎంచుకోవాలంటే, నేను పదకొండున్నరకి వెళ్లి వెనక వాకిలి చూస్తాను. ఆకుకూర కట్టలు అప్పుడే తరుగుతుంటే కూర్చుంటాను. నూనె మూకుడు నల్లగా, నురగతో ఉంటే టీ కూడా తాగను. వాడిన నూనె మీద, బిల్లు మీద వెయ్యాల్సిన పద్నాలుగంకెల లైసెన్సు నంబరు మీద ఆహార భద్రత చూసే ఎఫ్ఎస్ఎస్ఏఐ వాళ్ల నియమాలున్నాయి, ఫోన్లో చూసుకో. ఇంకో ఉపాయం, మెడికల్ కాలేజీ చుట్టుపక్కల కుర్ర డాక్టర్లు రోజూ తినే చోటు పట్టుకో. వాళ్ల దగ్గర డబ్బుండదు, కడుపు చెడితే డ్యూటీ ఆగుతుంది. వాళ్లని చూసి నేను వెళ్లిన ఏ హోటలూ నన్ను మోసం చెయ్యలేదు.

నెలవారీ మెస్ కార్డు మాత్రం ముందుగా కొనకు. మూడు నెలలకి కలిపి కడితే పది శాతం తగ్గిస్తానన్నాడు ఒకాయన. రెండో నెల నడుమ వెళ్తే షట్టరుకి తాళం. ఆ 1,400 రూపాయలు ఇవాళ్టికీ నా గుండెలో ముల్లే.

ఒంటరిగా ఉంది అని కూడా రాశావు చివర్లో. దానికి నా దగ్గర మందు లేదు, ఖర్చు లేని పని కాబట్టి తర్వాత చూసుకుందాం. ఆదివారం పన్నెండున్నరకి గిరి రోడ్డు మొదట్లో నిలబడు, డాల్మా తినిపిస్తాను. చూపిస్తాను అనాలి. నీ ప్లేటు డబ్బులు నువ్వే తెచ్చుకో.