ఉద్యోగం పోయాక ఈఎస్ఐ నుంచి డబ్బు వస్తుందా? వస్తుంది, ముందు రాజీనామా కాగితం మీద సంతకం పెట్టకుండా పక్కన పెట్టండి

అడిగిన తమ్ముడి సంగతి ఇది: బెంగళూరు బొమ్మసంద్రలో ప్యాకింగ్ సెక్షన్‌లో మూడేళ్ళుగా పని, జీతం 19 వేలు, వచ్చే నెల నుంచి రావద్దన్నారు, భార్యకు ఏడో నెల. ఇల్లు ఎలా గడవాలి, ఏదైనా ప్రైవేట్ హెల్త్ పాలసీ తీసుకోమంటారా అని.

పాలసీ ఇప్పుడు తీసుకోకండి. మెటర్నిటీకి వెయిటింగ్ పీరియడ్ పెడతారు, ఏడో నెలలో ప్రీమియం కడితే ఈ కాన్పుకి ఒక్క రూపాయి కూడా రాదు. అమ్మేవాళ్ళు మాత్రం ఆ ముక్క చివర్లో చెప్తారు. మీ జీతం 21 వేల లోపు కాబట్టి మీకు ఈఎస్ఐ, అంటే ఉద్యోగుల ప్రభుత్వ బీమా, ఉండి తీరాలి. శాలరీ స్లిప్పు తీసి చూడండి, 0.75 శాతం కోత కనిపిస్తుంది, దానికి తోడు కంపెనీ 3.25 శాతం కడుతుంది. మన వాళ్ళు ఈఎస్ఐ అనగానే "ఆ ఉచిత ఆసుపత్రా" అని మొహం పక్కకి తిప్పుకుంటారు. ఉచితం ఎక్కడిది? నెల నెలా జీతంలోంచి కోసిన డబ్బు అది.

నేను యశ్వంతపురలో ఒక ఆడిటర్ గారి దగ్గర పనిచేస్తాను. చిన్న చిన్న ఫ్యాక్టరీల పీఎఫ్, ఈఎస్ఐ చలానాలు నెల నెలా నా చేతి మీదుగానే పోతాయి. అందుకే మా ఇంట్లో ఈ కష్టం వచ్చినప్పుడు ఏం చెయ్యాలో నాకు తెలిసింది, లేకపోతే మేమూ అందరిలాగే సంతకం పెట్టేసి వచ్చేవాళ్ళం.

2022 నవంబరు. మాది హిందూపురం దగ్గర, మా ఆయన పీణ్యలో ఒక మెషిన్ షాపులో సీఎన్‌సీ ఆపరేటర్. ఆర్డర్లు తగ్గాయని అప్పటికే ఓటీలు ఆపేశారు. ఒకరోజు భోజనాలయ్యాక ఆయన్నీ, ఇంకొందరినీ పై అంతస్తులో మీటింగ్ రూముకి పిలిచారు. ఒక్కొక్కరి ముందు టైపు చేసిన కాగితం, దాని మీద పెన్ను. పక్కన కవర్లో నెల జీతం చెక్కు. కాగితం మీద సంతకం పెడితే కవరు ఇప్పుడే చేతిలో పెడతాం అన్నారు. ఆయన బాత్రూముకని బయటికి వచ్చి నాకు ఫోన్ చేశారు. ఏం రాసుందో చదవమన్నాను. ఇంగ్లీషు, కూడబలుక్కుంటూ చదివారు: నా సొంత కారణాల వల్ల రాజీనామా చేస్తున్నాను, కంపెనీ నుంచి నాకు రావలసినది ఏమీ లేదు. "ఏమండీ, పెట్టకండి. ఇంట్లో చూపించి రేపు చెప్తానని వచ్చేయండి" అన్నాను. లోపలికెళ్ళి అదే చెప్పారు. హెచ్‌ఆర్ అతను గొంతు పెంచలేదట, మెత్తగానే, "రిజైన్ చేస్తే రికార్డు క్లీన్‌గా ఉంటుంది, తీసేశారని ఉంటే రేపు నిన్ను ఎవరు తీసుకుంటారు" అన్నాడట. ఈ మాట వింటే నాకు ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది. లేత్ ముందు నిలబడి పనిచేసేవాణ్ని ఏ కంపెనీ అయినా చేతి పని చూసి తీసుకుంటుంది, పాత కాగితం చూసి కాదు. మిగతావాళ్ళలో ఎక్కువమంది పెట్టేశారు. వాళ్ళని తప్పు పట్టను, ఇంటద్దె, పిల్లల ఫీజులు కళ్ళముందు తిరుగుతుంటే చెక్కు వదులుకోవడం మాటలు కాదు.

మర్నాడు పొద్దున ఆయనతో నేనూ వెళ్ళాను. రాత్రి కూర్చుని తెల్లకాగితం మీద లెటర్ రాశాం: నేను రాజీనామా చెయ్యలేదు, పనికి సిద్ధంగా ఉన్నాను, మీరు పని లేదంటున్నారు కాబట్టి అదే మాట రాతపూర్వకంగా ఇవ్వండి. ఇన్వర్డ్‌లో (వచ్చిన ఉత్తరాలు తీసుకునే చోట) కూర్చున్న పెద్దాయన మదనపల్లె వైపు మనిషి, మాట వినగానే తెలిసిపోయింది. "ఏందమ్మా ఇది, సార్‌ని అడగాల" అన్నారు. "అన్నా, లెటర్ అందింది అని సీలు వేస్తే చాలు, లోపలున్నది మీ మీదికి రాదు" అన్నాను. ఆయన అటూ ఇటూ చూసి, స్టాంపు ప్యాడ్ దగ్గరికి లాక్కుని, సీలు రెండు సార్లు ఒత్తారు, మొదటిది సరిగ్గా పడలేదని. తేదీ వేసి, సంతకం చేసి, కాపీ నా చేతికిచ్చి "జాగ్రత్తమ్మా, ఇది పోగొట్టుకోవద్దు" అన్నారు. ఆ కాపీ ఫొటో తీసి కంపెనీ మెయిల్‌కి కూడా పంపించాం. తర్వాత లేబర్ ఆఫీసుకి వెళ్తామని చెప్పాక, పని లేనందువల్ల తొలగిస్తున్నాం అనే లెటర్ వచ్చింది.

ఆ ఒక్క లెటర్ మీద ఎంత ఆధారపడి ఉందో చెప్తాను. ఈఎస్ఐలో అటల్ బీమిత్ వ్యక్తి కల్యాణ్ యోజన అని ఉంది, 2018లో మొదలైంది. మొదట రోజు జీతంలో 25 శాతం ఇచ్చేవాళ్ళు, కరోనా అప్పుడు 2020లో 50 శాతానికి పెంచారు. గరిష్ఠంగా 90 రోజులకి, జీవితంలో ఒక్కసారే. ఉద్యోగం పోయాక 30 రోజులు ఆగి క్లెయిమ్ వెయ్యాలి. కంపెనీ ద్వారా వెళ్ళక్కర్లేదు, ఈఎస్ఐ సైట్‌లో నింపి బ్రాంచ్ ఆఫీసులో మీరే ఇచ్చుకోవచ్చు, డబ్బు మీ బ్యాంకు ఖాతాలోనే పడుతుంది. కనీసం రెండేళ్ళు ఈఎస్ఐలో ఉండాలి, ఉద్యోగం పోవడానికి ముందున్న ఆరు నెలల కాంట్రిబ్యూషన్ పీరియడ్‌లో 78 రోజులకి, అంతకుముందు మూడు పీరియడ్లలో ఏదో ఒకదాంట్లో మరో 78 రోజులకి కట్టి ఉండాలి. మీరు మూడేళ్ళ నుంచి ఉన్నారు కాబట్టి ఇబ్బంది ఉండకూడదు. మీ 19 వేల లెక్కన మొత్తం సుమారు 28 వేలు వస్తుంది. ఇది గడువు పొడిగిస్తూ నడిపిస్తున్న పథకం, క్లెయిమ్ వేసే ముందు బ్రాంచ్‌లో ఒక మాట కనుక్కోండి.

తప్పు చేశారని తీసేసినా, రిటైరయినా, తనంతట తాను విరమించుకున్నా ఈ డబ్బు రాదు. "సొంత కారణాలు" అని మీ సంతకంతో కాగితం ఉంటే మీ కేసు సరిగ్గా ఆ లెక్కలోకే జారిపోతుంది. పైగా మేము నింపే చలానాలో ప్రతి మనిషికీ మానేసిన కారణం అని ఒక గడి ఉంటుంది, అక్కడ ఏం పెట్టారో కంపెనీ అకౌంటెంట్‌ని అడిగి తెలుసుకోండి. అడగడానికి మొహమాటం ఎందుకు, అది మీ రికార్డు. రిట్రెంచ్‌మెంట్ (పని లేదని తీసేయడం) అని తేలితే రాజీవ్ గాంధీ శ్రామిక్ కల్యాణ్ యోజన అనే ఇంకో పథకం కూడా ఉంది, మొదటి 12 నెలలు జీతంలో 50 శాతం, తర్వాతి 12 నెలలు 25 శాతం. దాని గురించి ఏ హెచ్‌ఆరూ నోరెత్తగా నేను వినలేదు.

కంపెనీ నుంచి రావలసింది వేరే. ఏడాది దాటిన వర్కర్‌ని పని లేదని తీసేస్తే నెల నోటీసు లేదా నెల జీతం, దాంతోపాటు ఏడాదికి 15 రోజుల జీతం ఇవ్వాలి, మీకైతే 45 రోజులది. 2025 నవంబరు 21 నుంచి అమల్లోకి వచ్చిన వేతనాల కోడ్ ప్రకారం బకాయి జీతం రెండు పని దినాల్లో చెల్లించాలి. ఇవ్వకపోతే బన్నేరుఘట్ట రోడ్డులో కార్మిక భవన్ ఉంది, వెళ్ళండి. ఇక్కడ ఒక ఎత్తు వేస్తారు, ఆఫర్ లెటర్‌లో "సూపర్‌వైజర్" అని రాసి నువ్వు వర్కర్‌వి కాదు పొమ్మంటారు. చట్టం చూసేది చేసే పనిని, పేరుని కాదు.

ఇక వైద్యం. ఉద్యోగం పోయిన రోజే కార్డు చచ్చిపోతుందని అందరూ అనుకుంటారు. అలా ఉండదు. ఏప్రిల్ నుంచి సెప్టెంబరు దాకా కట్టినదానికి జనవరి నుంచి జూన్ దాకా, అక్టోబరు నుంచి మార్చి దాకా కట్టినదానికి జూలై నుంచి డిసెంబరు దాకా వైద్యం ఉంటుంది, ఆ పీరియడ్‌లో 78 రోజులు కట్టి ఉండాలి. మా ఆయన పని నవంబరులో పోయింది, కార్డు మరుసటి ఏడాది జూన్ దాకా నడిచింది. మా అత్తగారి గర్భసంచి ఆపరేషన్ ఆ మే నెలలోనే ఈఎస్ఐలో చేయించాం, అప్పటికింకా ఆయనకి సరైన పని దొరకలేదు. బయట చేయించి ఉంటే అప్పు చేసేవాళ్ళం. మీరు ఏ నెలలో మానేస్తున్నారో చూసి ఈ లెక్క మీరే వేసుకోండి, కాన్పు దాదాపుగా అందులోకే వస్తుంది. కాన్పు సెలవుల జీతంగా ఇచ్చే నగదు మాత్రం మీకు రాదు, అది ఈఎస్ఐ ఉన్న ఆడవాళ్ళకే. వైద్యం మాత్రం భార్యకి పూర్తిగా ఉంటుంది.

ఇంకో బాధ చెప్పుకోవాలి. మా దగ్గరికి వచ్చే కొన్ని కంపెనీలు అలవెన్సులు అటూ ఇటూ మార్చి జీతం 21 వేలు దాటించేస్తాయి, మనవాళ్ళు కోత ఆగిందని సంతోషపడతారు. చేతికి వచ్చేది నూట యాభై రూపాయల చిల్లర, పోయేది ఇంటిల్లిపాది వైద్యం. దాటినా ఆ కాంట్రిబ్యూషన్ పీరియడ్ అయిపోయేదాకా కోత కొనసాగాలని రూలు, అది కూడా చాలామంది పాటించరు.

పీఎఫ్ చివరికి పెట్టుకోండి. అప్పట్లో నెల ఖాళీగా ఉంటే 75 శాతం తీసుకోనిచ్చేవాళ్ళు, 2025 అక్టోబరులో ఆ 75 శాతం వెంటనే, మిగతాది 12 నెలల తర్వాత అని మార్చాలని బోర్డు నిర్ణయించింది. కంపెనీ మీ ఎగ్జిట్ తేదీ (మానేసిన తేదీ) వెయ్యకుండా తిప్పిస్తే, చివరి కాంట్రిబ్యూషన్ తర్వాత రెండు నెలలకి మీరే పోర్టల్‌లో వేసుకోవచ్చు.

ఊళ్ళో అమ్మానాన్నలకి ఆంధ్రా రేషన్ కార్డు ఉంటే అది బెంగళూరుకి మార్చకండి. 2019 నవంబరు నుంచి బెంగళూరు, చెన్నై, హైదరాబాద్‌లో కొన్ని ఆసుపత్రుల్లో కూడా జాబితాలో ఉన్న చికిత్సలకి ఆరోగ్యశ్రీ వర్తింపజేశారు, ఇప్పుడు దాన్నే ఎన్టీఆర్ వైద్య సేవ అంటున్నారు.

ఇవన్నీ రేపటి పనులు. ఇవాళ మాత్రం ఈఎస్ఐ సైట్‌లో మీ ఐపీ నంబరుతో (ఈఎస్ఐ బీమా నంబరు) లాగిన్ అయి భార్య పేరు కుటుంబంలో ఎక్కిందో లేదో చూడండి. పెళ్ళికి ముందు ఉద్యోగంలో చేరినవాళ్ళ కార్డుల్లో చాలావాటిలో భార్య పేరు ఉండదు. లేకపోతే ఉద్యోగంలో ఉన్న ఈ నెలలోనే ఆధార్ కాపీ, ఫొటో ఇచ్చి ఎక్కించుకోండి, ఆధార్‌లో ఇంటిపేరు ఎలా ఉందో ఇక్కడా అక్షరం తేడా లేకుండా అలాగే వెయ్యమనండి.