సమాధానం: పాటకీ పాటకీ మధ్య చిన్న ఖాళీ

బీటిల్స్ ఆల్బమ్ ‘అబ్బే రోడ్’ రెండో వైపు మెడ్లీని (ఆగకుండా ఒకదాంట్లోంచి ఒకటి సాగే పాటల వరసను) ఎంపీత్రీ ఫైళ్లలో వింటుంటే, పాట మారినప్పుడల్లా క్షణం తెగుతోందని అడిగారు. తప్పు మీ హెడ్‌ఫోన్‌ది కాదండీ, ఎంపీత్రీది. అందులో ధ్వనిని 1,152 శాంపిళ్ల (ధ్వని కొలతల) ఫ్రేములుగా, అంటే సుమారు 26 మిల్లీసెకన్ల ముక్కలుగా కోస్తారు. చివరి ఫ్రేము నిండకపోతే మిగతాది నిశ్శబ్దంతో నింపేస్తుంది. మొదట్లోనూ కాస్త కలుస్తుంది. విడివిడి పాటల్లో ఇదేం చెవికి తెలీదు. ‘పాలిథీన్ పామ్’ నుంచి తర్వాతి పాటలోకి దూకేచోట మాత్రం చెవికి గుచ్చుకుంటుంది.

సీడీ ఉంటే మళ్లీ నేరుగా ఫ్లాక్‌లోకి (ధ్వనిలో ఏమీ పోగొట్టని ఫైలు రకంలోకి) రిప్ చేయండి, అంటే కంప్యూటర్లోకి ఎక్కించండి. ఉన్న ఎంపీత్రీనే ఫ్లాక్ చేస్తే ఆ ఖాళీ కూడా అందులోకి వచ్చేయొచ్చు. లేమ్ అనే ఎంపీత్రీ తయారీ సాఫ్ట్‌వేర్‌తో చేసిన ఫైళ్లయితే ఎంత కత్తిరించాలో వాటిలోనే రాసి ఉంటుంది, గ్యాప్‌లెస్ (ఖాళీ లేకుండా వినిపించే సదుపాయం) ఉన్న ప్లేయర్ చాలు. క్రాస్‌ఫేడ్ (ఒక పాట తగ్గుతుంటే మరోటి పెరిగే అమరిక) మాత్రం పెట్టకండి, అసలు అతుకునే మింగేస్తుంది. సీడీ రాస్తే డిస్క్-అట్-వన్స్‌లోనే (మొత్తం డిస్కును ఒకేసారి) రాయండి. ట్రాక్-అట్-వన్స్ (ఒక్కో పాటా విడిగా) అయితే 2 సెకన్ల ఖాళీ పడుతుంది.

అన్నట్టు, ఆ మెడ్లీలోని ‘ది ఎండ్’ పాట తర్వాతి నిశ్శబ్దం 1969 నాటి ఆల్బమ్‌లోదే. దాన్ని సరిచేయకండి!

సరయిందో లేదో పింక్ ఫ్లాయిడ్ ఆల్బమ్ ‘డార్క్ సైడ్ ఆఫ్ ద మూన్’లో ఆగకుండా కలిసే చివరి రెండు పాటలతో చూసుకోండి. అంతకంటే కఠినమైన పరీక్ష అక్కర్లేదు.