కొత్వాలుకు మందు పట్టేదెలా?

ప్రశ్న: డాక్టర్ గారికి నమస్కారం. మాది దేవరకొండ. మా మగపిల్లికి 13 ఏళ్లు. ఎలుకల మీద దాని పెత్తనం చూసి మా మామగారు కొత్వాలు అని పేరు పెట్టారు. ఒకప్పుడు ఒక్క దూకుతో ప్రహరీ ఎక్కేది. ఇప్పుడు గోడ కింద నిలబడి పైకి చూస్తూ అరుస్తోంది. ఇసుక డబ్బా మానేసి బాత్రూం గడప దగ్గర పోస్తోంది. నడుము మీద బొచ్చు ఉండలు కట్టింది. పశువుల డాక్టరు చూసి కీళ్ల అరుగుదల అని సిరప్ రాశారు. చేపలో కలిపితే రెండు రోజులు తిన్నది, మూడో రోజు నుంచి చేపనే మానేసింది. ముగ్గురం దుప్పటి కప్పి పట్టుకుంటే మా ఆయన చేయి కొరికింది. ఇప్పుడు సిరంజి కనబడితే చాలు, మంచం కింద దూరి సాయంత్రం దాకా రాదు. కర్పూరం వేసిన నువ్వుల నూనె కాళ్లకు రాస్తే కొంచెం నయమనిపించింది. మనుషుల నొప్పుల గోలీలో పావు ముక్క వేయొచ్చని పక్కింటివాళ్లు అంటున్నారు. వేయొచ్చా? మా ఫ్లోరైడ్ నీళ్ల వల్లే ఇట్లయిందా? తిండికి లోటు లేదు. రోజూ పచ్చి కార్జమే తింటుంది, వారానికోసారి చేప. బరువు 6 కిలోలు.
– ఒక పాఠకురాలు, దేవరకొండ

జవాబు: అమ్మా, ముందు ఆ పావు ముక్క సంగతి. వద్దు. గోరంత కూడా వద్దు.

పారాసిటమాల్ మన ఒంట్లోంచి బయటికి పోయే దారి పిల్లి కాలేయంలో దాదాపు మూసుకుపోయి ఉంటుంది. మిగిలిపోయిన మందు విషమై రక్తంలోని ఎర్రకణాలను పాడుచేస్తుంది. ఆ రక్తం ఆక్సిజన్ మోయలేదు. నేను ఉద్యోగంలో చేరిన మూడో ఏడు, ఒక రాత్రి ఒకాయన కూరగాయల సంచిలో పిల్లిని పెట్టుకొని వచ్చాడు. జ్వరంగా ఉందని ఇంట్లో ఉన్న గోలీ సగం వేశారట. మూతి ఉబ్బింది, చిగుళ్లు బెల్లం పాకం రంగుకు తిరిగాయి. అప్పటికి నాకు బర్రెలు, మేకలు తప్ప పిల్లుల గురించి తెలిసింది తక్కువ. తెల్లారేలోపు పోయింది. విరుగుడు మందు ఉంది కానీ అది మొదటి గంటల్లో పడాలి. ఐబుప్రొఫెన్, డైక్లోఫెనాక్ కూడా అంతే, పిల్లి కడుపునూ కిడ్నీలనూ దెబ్బతీస్తాయి. ఇప్పటికే ఎవరైనా ఒక ముక్క వేసి ఉంటే ఈ జవాబు పూర్తిగా చదవకుండా దవాఖానకు బయల్దేరండి.

కర్పూరం నూనె కూడా ఆపండి. పిల్లి ఒంటికి రాసింది ఏదైనా చివరికి దాని నాలుకకే చేరుతుంది, కర్పూరం దానికి విషం. నొప్పుల బామ్‌లూ అంతే. గోరువెచ్చని నీళ్లు, కొద్దిగా మెత్తని షాంపూతో కడిగి, బొచ్చు ఆరేదాకా తుడవండి. మీకు నయంగా కనిపించింది నూనె గుణం కాదనుకుంటాను, మీ చేతి వెచ్చదనం. అదైతే రోజూ ఇవ్వొచ్చు.

ఇక ఫ్లోరైడ్. మన జిల్లాలో ఎవరి మోకాలు నొచ్చినా ముందు నీళ్లనే అనుమానిస్తాం, తప్పేం లేదు. మర్రిగూడ, మునుగోడు వైపు నేను చూసిన ఎద్దులకు పళ్ల మీద గోధుమరంగు మరకలు, కాళ్ల ఎముకల మీద బుడిపెలు ఉండేవి. పొద్దున లేవడానికి ముక్కుతూ మూలుగుతూ రెండు మూడు సార్లు ప్రయత్నించేవి. పటిక, సున్నంతో నీళ్లలోంచి ఫ్లోరైడ్ తీసే పద్ధతికి ప్రపంచమంతటా నల్లగొండ టెక్నిక్ అనే పేరు. మన ఊరి పేరు పుస్తకాలకెక్కిన తీరు చూసి సంతోషించాలో ఏడవాలో తెలియదు. కానీ ఎద్దు బిందెలకు బిందెలు తాగుతుంది. పిల్లి తాగేది గుక్కెడు, దానికి కావాల్సిన నీళ్లు చాలావరకు మాంసంలోనే వస్తాయి. మీరు పోసేది మిషన్ భగీరథ నల్లా నీళ్లయితే ఆ అనుమానం వదిలేయొచ్చు.

నన్ను ఆపింది మీ ఉత్తరంలో చివరి మాట. రోజూ పచ్చి కార్జం. ప్రేమతో పెడుతున్నారు, తెలుసు. కానీ కార్జం నిండా విటమిన్ ఎ ఉంటుంది. ఎక్కువైనదాన్ని పిల్లి శరీరం బయటికి పంపలేదు, పోగేసుకుంటుంది. నెలలు, ఏళ్లు ఇదే తిండి అయితే మెడ వెన్నుపూసల మీద, భుజాల దగ్గర కొత్త ఎముక పుట్టి ఒకదానికొకటి అతుక్కుంటాయి. అప్పుడు పిల్లి మెడ తిప్పదు. నడుము మీద బొచ్చు నాకలేక ఉండలు కడుతుంది. పైకి చూస్తే ఇదీ ముసలితనం కీళ్ల నొప్పిలాగే ఉంటుంది. ఒకటి చేసి చూడండి. అది కూర్చొని ఉన్నప్పుడు వెనక నుంచి పిలవండి. తల తిప్పి చూస్తే మంచిది. ఒళ్లంతా తిప్పి చూస్తే మెడ ఎక్స్‌రే తీయించాల్సిందే. కార్జం ఒక్కరోజులో ఆపితే తిండే మానేస్తుంది. ఉడికించిన కోడి తునకల్లో కార్జం కలుపుతూ, రెండు మూడు వారాల్లో కార్జాన్ని తగ్గించుకుంటూ రండి. అతుక్కున్న ఎముక మళ్లీ విడిపోదు కానీ కొత్తది పెరగడం ఆగుతుంది.

మెడ బాగానే ఉంటే మీ డాక్టరు చెప్పినట్టు మామూలు అరుగుదలే. 12 ఏళ్లు దాటిన పిల్లులకు ఎక్స్‌రే తీస్తే చాలావాటిలో ఏదో ఒక కీలు అరిగి కనిపిస్తుంది. కుక్కలాగా కుంటదు కాబట్టి మనకు తెలియదు. ఎక్కడం మానేస్తుంది, అంతే. ‘ముసలిదైంది, బద్ధకం’ అనుకుంటాం.

మందు పట్టే ముందు సీసా చదవండి. నొప్పికి పిల్లులకు ఎక్కువగా రాసేది మెలాక్సికామ్. పిల్లుల సిరప్‌లో మిల్లీలీటరుకు 0.5 మిల్లీగ్రాములు ఉంటే, కుక్కలదాంట్లో 1.5 ఉంటుంది, అంటే మూడింతలు. సీసా మారి, కొలత మారకపోతే కిడ్నీలు పోతాయి. 13 ఏళ్ల పిల్లికి ఈ మందు నెలల తరబడి వాడాలంటే ముందు రక్తం, మూత్రం పరీక్ష అడిగి చేయించుకోండి. తిండి తిన్నాకే మందు. వాంతులు మొదలైనా, తిండి మానేసినా, విరేచనం నల్లగా వచ్చినా మందు ఆపి ఫోన్ చేయండి. స్టెరాయిడ్ సూది వేయించి ఉంటే ఆ మాట డాక్టరుకు తప్పకుండా చెప్పండి, ఆ రెండూ కలవకూడదు.

ఇప్పుడు అసలు గొడవ, పట్టించడం. చేపలో కలపడం మనందరం చేసే తప్పే. అది మందును కాదు, చేపను అనుమానించింది. అందుకే మందు ఎప్పుడూ దాని భోజనంలో వేయొద్దు. భోజనం కొంత తిన్నాక, ఇంకా ఆకలి ఉండగానే, ఒక చెంచాడు వేరే రుచిలో ఇవ్వాలి. గోలీ అయితే చిన్న చిన్న మూడు మాంసం ఉండలు చేయండి. మొదటిది ఉత్తది, రెండోదాంట్లో గోలీ, అది నోట్లో ఉండగానే మూడోది ముక్కు దగ్గర పెట్టండి. మూడోదాని కోసం రెండోదాన్ని గుటుక్కున మింగుతుంది. బెల్లం, తేనె కలిపి మోసం చేద్దామనుకోకండి, పిల్లి నాలుకకు తీపి తెలియదు. చేదు మాత్రం బాగా తెలుసు. చేదు తగిలి నోట్లోంచి నురగ కారితే భయపడొద్దు, విషం కాదు.

సిరప్ అయితే ముందు ఒక వారం మందు ఊసే వద్దు. ఒట్టి సిరంజిలో బొచ్చె చేప ఉడికించిన నీళ్లు, ఉప్పూ కారం లేకుండా, తీసుకొని దాని ముందు వదలండి. నాకనివ్వండి. సిరంజి అంటే చేప నీళ్లు అని దానికి తోచాక, ఎనిమిదో రోజు మందు. అప్పటిదాకా నొప్పి ఎక్కువగా ఉంటే సూది రూపంలో ఏమైనా ఇవ్వగలరా అని డాక్టరును అడగండి. పట్టేటప్పుడు ముగ్గురు వద్దు, ఒక్కరు చాలు. పిల్లిని మీకు వీపు పెట్టి ఒళ్లో కూర్చోబెట్టుకొని, తువ్వాల చుట్టి, కోరపన్ను వెనక బుగ్గ సందులోంచి కొద్దికొద్దిగా వదలండి. తల పైకెత్తి పోస్తే ఊపిరితిత్తుల్లోకి పోతుంది. గోలీ వేస్తే వెంటనే ఒక చెంచాడు నీళ్లు పట్టాలి, లేకపోతే గొంతు కింద ఇరుక్కొని పుండు చేస్తుంది. మంచం కింద దూరినప్పుడు లాగి పట్టించొద్దు. ఆ చోటు దానికి వదిలేయండి.

ఇవన్నీ చేసినా వినని మొండిఘటాలు ఉంటాయి. మా ఇంట్లోదే ఒకటి. 31 ఏళ్లు బర్రెలకు గొట్టాలతో మందు పోసిన నన్ను నాలుగు కిలోల పిల్లి గది నుంచి వెళ్లగొట్టింది. అట్లాంటివాటికి నెలకొక సూదితో సరిపోయే ఫ్రూనెవెట్‌మాబ్ అనే మందు 2021లో యూరప్‌లో, 2022లో అమెరికాలో అనుమతి పొందింది. హైదరాబాద్‌లో పిల్లులను చూసే డాక్టరును దాని గురించి అడగండి.

ఈలోగా మందు లేకుండా ఇల్లు చేసే పని చాలా ఉంది. మన ఇళ్లల్లో నున్నటి షాబాద్ బండలు. అరిగిన కీళ్ల పిల్లి వాటి మీద జారుతూ నడుస్తుంది, చలికాలం అవి మంచుగడ్డలు. అది తిరిగే దారిలో గోనె సంచులు పరవండి. ప్రహరీ పక్కన ఒక ఇటుకల దిమ్మె, దాని మీద ఒక స్టూలు, కదలకుండా. మంచం పక్కన ఒక పీట. బాత్రూం దగ్గర పోయడం అలక కాదమ్మా, డబ్బా అంచు దాటలేకపోతోంది. పాత ప్లాస్టిక్ టబ్బుకు ఒక పక్క మూడు వేళ్ల ఎత్తు మిగిలేలా కోసి, ఇసుక పోసి, అది పోస్తున్న చోటే పెట్టండి. పొయ్యి గోడ పక్కన మడత బొంత వేయండి. వంగి అరికాల్లోకి దిగుతున్న గోళ్లుంటే కత్తిరించండి. బొచ్చు ఉండలను కత్తెరతో కాదు, దువ్వెనతో. కత్తెరకు చర్మం తెగుతుంది.

ఆరు కిలోలు ఎక్కువే అనిపిస్తోంది, కీళ్లకు అది బరువే. కానీ పస్తు పెట్టకండి. లావు పిల్లి రెండు రోజులు ఏమీ తినకపోతే కొవ్వు కాలేయానికి పట్టి ప్రాణం మీదికి వస్తుంది. నెలకు పావు కిలో లోపు తగ్గితే చాలు.

మీ ఆయన చేయి సంగతి చివర్లో రాయాల్సింది కాదు, ముందే రాయాల్సింది. కొరికిన చోట సబ్బు నీళ్లతో పావుగంట కడిగారా? కడగకపోయినా ఇప్పుడైనా ప్రభుత్వ దవాఖానకు పంపి రేబిస్ టీకా వేయించండి. చేయి వాచి ఎర్రగా ఉంటే యాంటీబయాటిక్ కూడా కావాలి. కొత్వాలుకు టీకా లేకపోతే అదీ వేయించండి.

ఇవాళే మీ ఫోన్‌లో అది మంచం ఎక్కడాన్ని వీడియో తీసి పెట్టుకోండి. మూడు వారాల తర్వాత మళ్లీ తీసి రెండూ పక్కపక్కన చూస్తే మందు పనిచేస్తోందో లేదో మీకే తెలుస్తుంది. మెడ ఎక్స్‌రే తీయిస్తే దాన్ని ఫోటో తీసి పంపండి. ఫిల్మ్ పోస్టులో వేయొద్దు, కిందటిసారి ఒకరు పంపితే నాలుగు మడతలై వచ్చింది.