టెక్ సందేహాలు: నేల మీద నడిచే యుద్ధ డ్రోన్లు

ఈసారి నెల్లూరు, ప్రకాశం జిల్లాల నుంచి వచ్చిన ప్రశ్నల్లో చాలా వరకు ఒకే విషయం చుట్టూ తిరిగాయి. రిమోట్‌తో నడిచే చిన్న యుద్ధ బళ్లు, అంటే నేల మీద తిరిగే డ్రోన్లు. అందుకే ఫోన్లు, ల్యాప్‌టాప్‌ల సంగతి వచ్చే వారానికి వదిలేసి వీటినే తీసుకుంటున్నాను.

ఉక్రెయిన్ వీడియోల్లో చిన్న చక్రాల బండి పెట్టెలు మోసుకుంటూ పోతోంది. గాల్లో ఎగిరే డ్రోన్లు ఉండగా ఈ బండితో పనేంటి సార్?
*— ఇంజినీరింగ్ విద్యార్థి, కావలి*

ఎగిరే డ్రోన్లు ఎక్కువయ్యాయి కాబట్టే ఈ బండి అవసరం పడింది. ఉక్రెయిన్‌లో ఇప్పుడు ఫ్రంట్‌లైన్‌కు అటూ ఇటూ పది, పదిహేను కిలోమీటర్ల మేర ఏది కదిలినా పైనున్న కెమెరా కంట పడుతుంది. జీపు వెళ్లినా, లారీ వెళ్లినా, నలుగురు కలిసి నడిచినా కాసేపట్లోనే ఎఫ్‌పీవీ డ్రోన్ వచ్చి మీద పడుతుంది. ఆపరేటర్ కళ్లకు గాగుల్స్ పెట్టుకుని, డ్రోన్ కెమెరాలోంచి చూస్తూ నడిపేదాన్ని ఎఫ్‌పీవీ అంటారు. కానీ కందకాల్లో ఉన్నవాళ్లకు రోజూ నీళ్లు కావాలి, తిండి కావాలి, తూటాలు కావాలి, రేడియోలకు బ్యాటరీలు కావాలి. గాయపడినవాళ్లను వెనక్కి తేవాలి. ఆ దారిలో మనిషిని పంపడం అంటే చావుకు పంపడమే అన్న పరిస్థితి వచ్చాక బండిని పంపడం మొదలుపెట్టారు.

ఇక బరువు సంగతి. చిన్న ఎఫ్‌పీవీ డ్రోన్ మోసేది రెండు మూడు కిలోలు. గాల్లో నిలబడటానికే దాని బ్యాటరీ చాలావరకు ఖర్చయిపోతుంది. బండికి ఆ బాధ లేదు. వంద, రెండు వందల కిలోలు వేసుకుని పోగలదు. ఒక పొద చాటున ఆగిందంటే మోటార్లకు కరెంటు అక్కర్లేదు, గంటల తరబడి అక్కడే కాచుకుని ఉండగలదు. ఎలక్ట్రిక్ మోటార్లు కాబట్టి చప్పుడు తక్కువ. కాలే ఇంజిన్ లేదు కాబట్టి వేడిని పసిగట్టే థర్మల్ కెమెరాకు కూడా అంత తేలిగ్గా దొరకదు.

వీడియోల్లో మెషిన్‌గన్ బిగించిన బళ్లే ఎక్కువ కనిపిస్తాయి. అవి కూడా నిజమే. 2024 డిసెంబరులో ఖార్కివ్ ప్రాంతంలోని లిప్త్సి దగ్గర ఉక్రెయిన్‌కు చెందిన ఖార్తియా బ్రిగేడ్, పదాతి సైనికులను ముందుకు పంపకుండా నేల రోబోలు, ఎగిరే డ్రోన్లతోనే దాడి చేసింది. అయినా ఈ బళ్లు రోజూ చేసే పనిలో ఎక్కువ భాగం సామాను మోయడమే. నా దృష్టిలో వాటన్నిటిలోకీ గొప్ప పని, గాయపడిన మనిషిని మోసుకురావడం. స్ట్రెచర్ మీద ఒకరిని తేవాలంటే నలుగురు కావాలి. ఆ నలుగురూ పైనున్న డ్రోన్‌కు గురే. అదే పనికి బండి వెళ్తే, దారిలో ప్రమాదం ఆ ఒక్క మనిషికే ఉంటుంది. అది చిన్న ప్రమాదమని కాదు. బండి గుంతలో తిరగబడితే లేపేవాళ్లు ఉండరు, బురదలో దిగబడితే తోసేవాళ్లు ఉండరు, దారిలో మందుపాతర ఉంటే తప్పించుకోలేదు. పంపిన బళ్లలో చాలా తిరిగి రావు. అయినా బండి పోతే ఒక ఇంటికి కబురు పంపాల్సిన పని ఉండదు. ఆ ఒక్క కారణం చాలు, ఈ టెక్నాలజీని నేను మనసుపెట్టి గమనించడానికి.

నా ఆర్‌సీ కారు డబ్బా మీద కిలోమీటర్ రేంజ్ అని రాసి ఉంది. రోడ్డు మీద బాగానే పోతోంది. పొగాకు చేలో దిగితే మాత్రం వంద మీటర్లు దాటకముందే ఆగిపోతోంది. రిమోట్ పాడైందా? యుద్ధంలో కిలోమీటర్ల దూరం ఎలా నడుపుతున్నారు?
*— ఆర్‌సీ కార్ల సరదా ఉన్న యువకుడు, టంగుటూరు*

రిమోట్ బాగానే ఉంది. మీ చేలో మీకు ఎదురైన సమస్యే యుద్ధంలో నేల డ్రోన్లకు అన్నిటికన్నా పెద్ద సమస్య. అందుకే ఈ ప్రశ్నకు కాస్త వివరంగా జవాబిస్తాను.

మీ రిమోట్ 2.4 గిగాహెర్ట్జ్ మీద పనిచేస్తుంది. ఆ తరంగాలకు రెండు యాంటెనాల మధ్య గీత గీసినంత సన్న దారి సరిపోదు, ఆ గీత చుట్టూ కూడా ఖాళీ కావాలి. దీన్ని ఫ్రెనెల్ జోన్ అంటారు. దూరం ఒక కిలోమీటర్ అయితే సరిగ్గా మధ్యలో ఈ జోన్ వ్యాసార్థం దాదాపు 5.5 మీటర్లు. అందులో కనీసం 60 శాతం ఖాళీగా ఉంటేనే సిగ్నల్ బాగా అందుతుంది. ఎగిరే డ్రోన్‌కు ఈ చోటు దానంతటదే దొరుకుతుంది. మీ కారు యాంటెనా నేలకు జానెడు ఎత్తులో ఉంది కాబట్టి జోన్‌లో కింది సగమంతా నేలలోనే ఉన్నట్టు. దానికి తోడు పొగాకు ఆకు నిండా నీరే. 2.4 గిగాహెర్ట్జ్ తరంగాలను నీరు బాగా పీల్చేస్తుంది.

మీరు చేయగలిగినవి ఇవి. కారు మీద ప్లాస్టిక్ లేదా ఫైబర్‌గ్లాస్ పుల్ల నిలబెట్టి రిసీవర్ యాంటెనాను మీటర్ ఎత్తుకు తీసుకెళ్లండి. కార్బన్ ఫైబర్ పుల్ల వాడొద్దు, అది సిగ్నల్‌ను అడ్డుకుంటుంది. మీరు గట్టు మీదో ట్రాక్టర్ ట్రక్కు మీదో నిలబడండి. రిమోట్ యాంటెనా కొసను కారు వైపు గురిపెట్టకండి, కొస దిశలో సిగ్నల్ చాలా తక్కువగా ఉంటుంది. రెండు యాంటెనాలూ నిటారుగా ఉండాలి. ఈ మాత్రం చేసినా తేడా మీకే తెలుస్తుంది.

ఇప్పుడు యుద్ధం సంగతి. రష్యా తయారు చేసిన ఉరాన్-9 అనే పెద్ద రోబో ట్యాంకును సిరియాలో పరీక్షించినప్పుడు, కొన్ని కిలోమీటర్లు నడవాల్సింది ఇళ్ల మధ్య 300 నుంచి 500 మీటర్లకే కంట్రోల్ తప్పిందని 2018లో రష్యా నిపుణులే చెప్పారు. తుపాకీ, కవచం, కెమెరా అన్నీ ఉన్నా సిగ్నల్ పోతే అది దారి మధ్యలో నిలిచిపోయిన ఇనుప ముద్ద.

ఉక్రెయిన్‌లో దీన్ని నాలుగైదు రకాలుగా దాటుతున్నారు. బండి పైన గాల్లో ఇంకో డ్రోన్‌ను నిలిపి, దాని ద్వారా సిగ్నల్ అందిస్తారు. మొబైల్ టవర్ అందే చోట బండిలో సిమ్ పెడతారు. శాటిలైట్ ఇంటర్నెట్ అందించే స్టార్‌లింక్ డిష్ బిగిస్తారు. ఒకదాని నుంచి ఒకదానికి సిగ్నల్ అందించుకునే మెష్ రేడియోలు వాడతారు. సిమ్‌తోగానీ శాటిలైట్‌తోగానీ నడిపితే వీడియో కొంచెం ఆలస్యంగా వస్తుంది. వేగంగా ఎగిరే డ్రోన్‌కు అది ప్రమాదం. మనిషి నడక వేగంతో పోయే బండికి పెద్దగా ఇబ్బంది ఉండదు.

చివరి దారి ఫైబర్ కేబుల్. గాలం రీలులాంటి చుట్ట నుంచి వెంట్రుకంత సన్నటి ఆప్టికల్ ఫైబర్ వెనక జారుకుంటూ వస్తుంది. రేడియో సిగ్నల్‌ను చెడగొట్టే జామర్ దాన్ని ఏమీ చేయలేదు, కొండ అడ్డమొచ్చినా పని చేస్తుంది. ఈ ఆలోచన పాతదే. రెండో ప్రపంచ యుద్ధంలో 1942 నుంచి జర్మనీ వాడిన గోలియత్ అనే, ట్యాంకులా ట్రాక్ పట్టీల మీద నడిచే చిన్న బండి, సుమారు 650 మీటర్ల వైరు వెనక లాక్కుంటూ పేలుడు పదార్థాన్ని మోసుకెళ్లేది. అలాంటివి 7,500కు పైగా తయారుచేశారు. వైరు తెగితే దాని పని అయిపోయినట్టే. నేటి ఫైబర్‌కూ అదే బలహీనత ఉంది. ముఖ్యంగా నేల బండి వెనక్కి తిరిగిందంటే తన ఫైబర్‌ను తన చక్రాలతోనే తెంపుకునే ప్రమాదం ఉంది.

మా అబ్బాయి సైన్యంలో ఉన్నాడు, కొండల్లో డ్యూటీ. మనకు ఇలాంటి బళ్లు ఉన్నాయా? వాడి భుజం మీద బరువు ఏమైనా తగ్గుతుందా నాయనా?
*— ఒక తల్లి, దర్శి*

ఉన్నాయమ్మా. బాంబులను దూరం నుంచి పరీక్షించి తీసేయడానికి పుణెలోని డీఆర్‌డీఓ ప్రయోగశాల ‘దక్ష్’ అనే రోబోను తయారుచేసింది. 2011లోనే తొలి విడత సైన్యానికి అందాయి. అది మెట్లు కూడా ఎక్కుతుంది. చెన్నై దగ్గర ఆవడిలోని డీఆర్‌డీఓ ప్రయోగశాల 2017లో ‘ముంత్ర’ అనే మనుషుల్లేని ట్రాక్ వాహనాన్ని చూపించింది. మీ అబ్బాయి పనికి దగ్గరైనవి మాత్రం నాలుగు కాళ్ల రోబోలు. 2025 జనవరి 15న పుణెలో జరిగిన ఆర్మీ డే పరేడ్‌లో అవి సైనికులతో పాటు నడిచాయి. చక్రం ఎక్కలేని రాళ్ల దారిలో, మెట్ల మీద సామాను మోయడానికి, ముందు వెళ్లి కెమెరాతో చూసి రావడానికి వాటిని తెచ్చారు.

భుజం మీద బరువు రేపే దిగుతుందని చెప్పలేనమ్మా. గట్టి చలిలో లిథియం బ్యాటరీ శక్తి పడిపోతుంది. ఎత్తైన చోట్ల ఛార్జింగ్ కూడా కష్టమే. అయినా అనుమానంగా ఉన్న సంచి దగ్గరకు, చీకటి గదిలోకి మనిషికన్నా ముందు యంత్రం వెళ్లే రోజు వచ్చేసింది. మీ అబ్బాయి క్షేమంగా ఉండాలి.

ఈ బండి తనంతట తానే మనిషిని చూసి కాల్చేస్తుందా? అది తలుచుకుంటే టెన్షన్‌గా ఉంది.
*— రిటైర్డ్ ఉపాధ్యాయుడు, నెల్లూరు*

మీ టెన్షన్‌కు కారణం ఉంది మాస్టారూ. ఇప్పటికి ఈ బళ్లలో దాదాపు అన్నిటి వెనకా ఎక్కడో ఒక గదిలో మనిషి ఉన్నాడు. నడిపేదీ, కాల్చేదీ అతనే. నిజానికి నేల మీద బండి తనంతట తాను నడవడమే చాలా కష్టం. గాల్లో అడ్డం ఉండదు. నేల మీద ఎత్తుగా పెరిగిన గడ్డికీ రాతి గోడకీ తేడా కెమెరా పోల్చుకోవాలి. నీటి మడుగు జానెడు లోతా, నిలువు లోతా అన్నది చూసి చెప్పలేదు.

అసలు ప్రమాదం సిగ్నల్ తెగే చోట ఉంది. శత్రువు జామర్ పెట్టి మనిషికీ బండికీ మధ్య లింకు తెంపగానే, ‘మిగతా నిర్ణయం బండికే వదిలేద్దాం’ అనే ఒత్తిడి మొదలవుతుంది. ఎగిరే డ్రోన్లలో గురిని లాక్ చేశాక చివరి కొంత దూరం సాఫ్ట్‌వేరే నడిపే పద్ధతి ఇప్పటికే వచ్చింది. ఇలా తమంతట తామే నిర్ణయించి చంపే ఆయుధాల మీద 2014 నుంచి జెనీవాలో దేశాలు చర్చిస్తూనే ఉన్నాయి. 2026 లోపు కట్టుబడి ఉండాల్సిన ఒప్పందం కావాలని ఐక్యరాజ్యసమితి ప్రధాన కార్యదర్శిగా గుటెరస్ కోరారు.

నా అభిప్రాయం సూటిగా చెబుతాను. దారి వెతుక్కోవడం యంత్రానికి వదలొచ్చు, ప్రాణం తీసే నిర్ణయం వదలకూడదు. 2025 జులైలో ఖార్కివ్ ప్రాంతంలో కొందరు రష్యా సైనికులు ఉక్రెయిన్ నేల రోబోలకు, డ్రోన్లకే లొంగిపోయారని ఉక్రెయిన్ 3వ అసాల్ట్ బ్రిగేడ్ ప్రకటించింది. అక్కడ కెమెరా వెనక ఉన్న మనిషి వాళ్లు లొంగిపోతున్నారని గుర్తుపట్టి ఆగాడు. లొంగిపోతున్న మనిషినీ తుపాకీ ఎత్తుతున్న మనిషినీ ఏ పరిస్థితిలోనైనా తప్పు లేకుండా పోల్చే సాఫ్ట్‌వేర్ ఉందని ఎవరైనా చెబితే నేను నమ్మను.

ఇది యుద్ధానికే పరిమితమైన సంగతి కూడా కాదు. 2016 జులైలో అమెరికాలోని డాలస్‌లో పోలీసులు, బాంబులు తీసే రోబోకు పేలుడు పదార్థం కట్టి పంపి ఒక హంతకుడిని చంపారు. నడిపింది మనిషే. కానీ ప్రాణం కాపాడటానికి పుట్టిన యంత్రం ఎంత సులువుగా వేరే పనికి మారుతుందో అది చూపించింది.

వాట్సాప్‌లో వచ్చే రోబో యుద్ధం వీడియోలు నిజమో కాదో ఎలా తెలుస్తుంది?
*— గృహిణి, కోవూరు*

వాటిలో కొన్ని వీడియో గేమ్‌లోవి. తమ ‘ఆర్మా 3’ గేమ్ దృశ్యాలను నిజం యుద్ధంగా తిప్పుతున్నారని ఆ గేమ్ తయారుచేసిన కంపెనీయే 2022లో ప్రకటన ఇచ్చింది. వీడియో మరీ మసకగా ఉండి, రాత్రి పూటదై, మనుషులు స్పష్టంగా కనిపించకపోతే అనుమానించండి. ఒక ఫ్రేమ్‌ను స్క్రీన్‌షాట్ తీసి గూగుల్ లెన్స్‌లో వెతకండి. పాత వీడియో అయితే తరచూ అక్కడే దొరికిపోతుంది. తేలేదాకా ఫార్వర్డ్ చేయకండి.

రొయ్యల గుంటల గట్టు మీద రాత్రిళ్లు మేత బస్తాలు మోయడానికి ఇలాంటి బండి చేయించుకోవచ్చా?
*— ఆక్వా రైతు, ఇందుకూరుపేట*

చేయించుకోవచ్చు. గట్టు వెడల్పు, వాలు కొలిచి, దాన్ని బట్టి బండి సైజు అనుకోండి. ఎత్తు తక్కువ, వెడల్పు ఎక్కువ ఉంటే తేలిగ్గా తిరగబడదు. ఉప్పు గాలి కనెక్టర్లను త్వరగా తినేస్తుంది, కాబట్టి కంట్రోలర్‌ను సీలు వేసిన పెట్టెలో పెట్టించండి. లెడ్ యాసిడ్ బదులు లిథియం ఐరన్ ఫాస్ఫేట్ బ్యాటరీ తీసుకుంటే బరువు బాగా తగ్గుతుంది.

డిప్లొమా ప్రాజెక్టుగా సామాను మోసే రిమోట్ బండి చేస్తున్నాం. డ్రోన్ లైసెన్సు కావాలా? ఏ ఫ్రీక్వెన్సీ వాడాలి?
*— విద్యార్థుల బృందం, ఆత్మకూరు*

2021 డ్రోన్ నిబంధనలు ఎగిరే వాటికి మాత్రమే, నేల బండికి వర్తించవు. రేడియోకు మాత్రం నిబంధనలున్నాయి. 2.4 గిగాహెర్ట్జ్, 865 నుంచి 868 మెగాహెర్ట్జ్ బ్యాండ్లు పరిమితమైన పవర్‌తో లైసెన్సు లేకుండా వాడుకోవచ్చు. ఆన్‌లైన్‌లో 915 మెగాహెర్ట్జ్ మాడ్యూళ్లు కూడా అమ్ముతారు. అవి మన దేశానికి కాదు, కొనకండి. చెట్లు, చేలు ఉన్న చోట 2.4 కన్నా 865 ఎక్కువ దూరం పోతుంది, కానీ కంట్రోల్‌కే సరిపోతుంది. వీడియోకు వేరే లింకు పెట్టుకోవాలి. జామర్‌ను కూడా ప్రాజెక్టులో చూపిద్దామనే ఆలోచన ఉంటే వెంటనే మానుకోండి. ప్రైవేటు వ్యక్తులు జామర్ వాడటం చట్టవిరుద్ధం.

మోటారుకు కరెంటు అందించే డ్రైవర్ సర్క్యూట్‌ను, చక్రం తిరగకుండా ఇరుక్కున్నప్పుడు లాగే కరెంటును చూసి ఎంచుకోండి. ఫ్యూజ్ బ్యాటరీకి ఆనుకునే ఉండాలి. బండి పైన చేతికి అందేలా ఎర్ర స్టాప్ బటన్ పెట్టండి. రిసీవర్‌లో ఫెయిల్‌సేఫ్ అనే సెట్టింగ్ ఉంటుంది. కొన్ని రిసీవర్లలో అది ‘చివరి ఆదేశమే కొనసాగించు’ అని ఉంటుంది. అలా వదిలేస్తే సిగ్నల్ పోయినా బండి ముందుకు పోతూనే ఉంటుంది. వంద కిలోల బండి ఎవరి కాళ్ల మీదికి పోయినా ఎముక విరుగుతుంది. దాన్ని ‘థ్రాటిల్ సున్నా’కు మార్చండి. తర్వాత బండిని ఇటుకల మీద పైకెత్తి, చక్రాలు తిరుగుతుండగా రిమోట్ ఆపేయండి. చక్రాలు వెంటనే ఆగితేనే బండిని నేల మీదికి దించండి.