కణత ఎముకా, కణతాస్థా?

సందేహం: పిల్లలకు పుర్రె గురించి పాఠం రాస్తూ ‘కణతాస్థి’ అన్నాను. తోటి టీచర్ తప్పన్నారు. ఎందుకు తప్పు? పుర్రె, కపాలం ఒకటేనా? బతికున్న మనిషికి ‘పుర్రె’ అనవచ్చా?

సమాధానం: తోటి టీచర్ మాట నిజమే. ‘కణత’ తెలుగు మాట, ‘అస్థి’ సంస్కృతం. రెంటికీ సవర్ణదీర్ఘసంధి చేస్తే వైరి సమాసమవుతుంది. సంస్కృతంలో కణతను శంఖమంటారు కాబట్టి ‘శంఖాస్థి’లో దోషం లేదు. కానీ పిల్లలకు ఊదే శంఖమే గుర్తొస్తుంది. హాయిగా ‘కణత ఎముక’ అని విడిగా రాయండి.

సంధి కన్నా నాకు ముఖ్యమనిపించేది ఇంకొకటి ఉంది. నుదురు, కణత, మాడు, పెడతల – ఇవన్నీ తలమీది చోట్ల పేర్లు, ఎముకల పేర్లు కావు. కంటి కొసకూ చెవికీ మధ్య, కాస్త పైగా వేలు ఆనించి పళ్లు బిగించి చూడండి. వేలి కింద కదిలేది కండరం. దాని అడుగున నుదుటి ఎముక, తల పక్క ఎముక, కణత ఎముక, కళ్ల వెనకగా ఉండే స్ఫినాయిడ్ ఎముక – ఈ నాలుగూ దగ్గర దగ్గరగా కలుస్తాయి. పుర్రె అక్కడ పల్చగా ఉంటుంది, లోపలివైపు ఒక ధమని ఆనుకుని పోతుంది. కణతమీద దెబ్బంటే డాక్టర్లకు టెన్షన్ అందుకే. మనం ‘కణత ఎముక’ అని పిలిచేది ఆ నాలుగింటిలో ఒక్కటే, చెవి చుట్టూ ఉండేది. చెవి వెనక చేతికి గట్టిగా తగిలే బొడిపె కూడా దానిలో భాగమే. బొమ్మ వేసి చూపించకపోతే పిల్లలు పొరబడతారు.

‘మాడు ఎముక’ అని మాత్రం రాయకండి. పసిబిడ్డ మాడు దగ్గర అసలు ఎముకే ఉండదు. నుదుటి ఎముక, రెండు పక్క ఎముకలు ఇంకా కలుసుకోని మెత్తని చోటు అది. చాలామంది పిల్లల్లో ఏడాదిన్నర, రెండేళ్ల లోపు మూసుకుపోతుంది.

దవడ విషయంలోనూ జాగ్రత్త. కోపంలో ‘దవడ వాయిస్తా’ అన్నప్పుడు దెబ్బ పడేది చెంపమీదే. పాఠంలో చెంప ఎముక వేరు, దవడ ఎముక వేరు.

‘పుర్రె’ బతికున్నవాళ్లకూ చెల్లుతుంది. ‘పుర్రెకో బుద్ధి’ అన్నది వాళ్ల గురించేగా! వాడుకలో పుర్రె, కపాలం ఒకటే. శాస్త్రపాఠంలో మాత్రం మెదడును కప్పి ఉంచే 8 ఎముకలను కపాలమనీ, ముఖంలోని 14 ఎముకలతో కలిపి మొత్తం 22 ఎముకలను పుర్రె అనీ విడదీసి చెప్పడం మేలు. ఆ తేడా పాఠం మొదట్లోనే చెప్పి, చివరిదాకా అలాగే వాడండి.